బరువు పెరిగి ఇంటికి వచ్చిన బిడ్డ మళ్లీ ఎందుకు చిక్కిపోతోంది?

డాక్టరు గారూ,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాడేరు కొండల మీద పీహెచ్‌సీలో కొత్తగా చేరారు. మీ పరిధిలో తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలు 11 మంది తేలారు. నలుగురు పోషకాహార పునరావాస కేంద్రానికి, అంటే మనం ఎన్‌ఆర్‌సీ అని పిలుచుకునే చోటికి వెళ్లి బరువు పెరిగి వచ్చారు, రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ చిక్కిపోయారు. ముగ్గురి తల్లులు కొండ దిగేది లేదంటున్నారు. ఒక బాబుకు రెండు పాదాలూ ఉబ్బి ఉన్నాయి, ఇంట్లోవాళ్లు మాత్రం ‘ఒళ్లు చేశాడు’ అని సంబరపడుతున్నారు. వీళ్లందరికీ ఏ ప్రొటీన్ పొడి ఇస్తే మంచిదని అడిగారు.

ముందు ఆ పాదాలు ఉబ్బిన బాబు సంగతి చూడండి. రెండు పాదాల పైభాగాన్ని బొటనవేళ్లతో మూడు సెకన్లపాటు నొక్కి తీయండి. రెండింటిలోనూ గుంట నిలిచిపోతే అది ఒళ్లు కాదు, నీరు. చేతి చుట్టుకొలత చూసే టేపు వీడిని పట్టుకోలేకపోవచ్చు. వాపు ఆ కొలతనూ పెంచవచ్చు, త్రాసు మీద బరువునూ పెంచుతుంది. అందుకే జాబితాలో వీడు కాస్త మెరుగైన పిల్లవాడిలా కనిపిస్తాడు. నిజానికి 11 మందిలో అందరికంటే ప్రమాదంలో ఉన్నది వీడే. వాపు ఉన్న బిడ్డను ఇంటి దగ్గర ఉంచి వైద్యం చేయకండి. ఈ రోజే పంపండి.

పంపేటప్పుడు దారి గురించి కూడా ఆలోచించండి. డోలీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి జీపులో ఆసుపత్రి దాకా వచ్చేలోగా ఇలాంటి పిల్లలు రక్తంలో చక్కెర పడిపోయి, చలికి బిగుసుకుపోయి చనిపోవచ్చు. బయలుదేరే ముందు మూడున్నర పెద్ద చెంచాల నీళ్లలో ఒక చిన్న చెంచా నిండుగా పంచదార కలిపి తాగించండి. అలా కలిపిన నీళ్లు సీసాలో పోసి తల్లికి ఇచ్చి, దారి పొడవునా కొంచెం కొంచెంగా పట్టమనండి. తల్లిపాలు తాగే బిడ్డయితే ఎక్కడా ఆపవద్దు. బిడ్డను విడిగా దుప్పట్లో చుట్టకుండా తల్లి గుండెకు ఆనించి, ఇద్దరి మీదా కలిపి దుప్పటి కప్పండి. తలకు టోపీయో గుడ్డో ఉండాలి.

ఇంకొక మాట. ఇది చెప్పడం నాకు కష్టం, అయినా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఇలాంటి బిడ్డే నా దగ్గరకు వచ్చింది. విరేచనాలు, లోపలికి పోయిన కళ్లు, ఉబ్బిన కాళ్లు. నీరు పోయిన బిడ్డకు చేసినట్టే సెలైన్ వేగంగా ఎక్కించాను. అర్ధరాత్రికి ఆయాసం మొదలైంది, తెల్లవారకముందే బిడ్డ పోయింది. తప్పు నాది. ఎముకల గూడులా మారిన బిడ్డలో గుండె, మూత్రపిండాలు, కాలేయం అన్నీ తక్కువ ఖర్చుతో బతకడం నేర్చుకుని ఉంటాయి. ఒంట్లో ఉప్పు ఎక్కువై, పొటాషియం తక్కువై ఉంటుంది. ఆ గుండె మీద ఒక్కసారిగా నీరు పోస్తే తట్టుకోలేదు. షాక్‌లో, అంటే రక్త ప్రసరణ కుప్పకూలిన స్థితిలో లేని బిడ్డకు సెలైన్ పెట్టకండి. నీరు పోతే నోటి ద్వారానే, నెమ్మదిగా, శ్వాస, నాడి లెక్కపెట్టుకుంటూ ఇవ్వాలి.

ఆహారం విషయంలోనూ ఇంతే. మొదటి రోజుల్లో ఇచ్చే ఎఫ్-75 పాలలో 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు, ప్రొటీన్ ఒక గ్రాము లోపు ఉంటాయి. ఆకలితో అలమటించిన బిడ్డకు ఇంత పలచన పాలా అని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. కిలోకు రోజుకు 130 మిల్లీలీటర్లు, వాపు బాగా ఎక్కువగా ఉంటే 100, దాన్ని రెండు గంటలకొకసారి పగలూ రాత్రీ పంచి ఇస్తారు. వాపు తగ్గడం మొదలై, బిడ్డ తనంతట తాను ఆకలి చూపిన తరువాతే ఇంతకంటే బలమైన ఎఫ్-100 పాల వైపు మెల్లగా మార్చాలి. ఐరన్ సిరప్ కూడా బరువు పెరగడం మొదలయ్యాకే. రక్తం తక్కువగా ఉందని మొదటి రోజే ఇస్తే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. మీరు పంపిన కేంద్రంలో రాత్రి రెండు గంటలకు పాలు పట్టేవాళ్లు ఉన్నారో లేదో ఫోను చేసి కనుక్కోండి. ఇలాంటి పిల్లలకు తెల్లవారుజామే గండం.

ఇక కొండ దిగనంటున్న ముగ్గురు తల్లులు. వాళ్లను ఒప్పించడానికి వెళ్లే ముందు, ఆ పిల్లలు నిజంగా దిగాలా అని చూసుకోండి. చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపు ఉన్నంత మాత్రాన ఆసుపత్రిలో చేర్చాలని లేదు. వాపు లేదు, జ్వరం లేదు, ఒళ్లు చల్లబడలేదు, ఊపిరి వేగంగా లేదు, వాంతులు విరేచనాలు లేవు, మగతగా లేదు, వయసు ఆరు నెలలు దాటింది, మీ ఎదురుగా పెట్టిన ఆహారం ఆత్రంగా తింది అంటే ఆ బిడ్డకు ఇంటి దగ్గరే వైద్యం చేయవచ్చు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తదితర ఐక్యరాజ్య సమితి సంస్థలు ఉమ్మడిగా చెప్పింది ఇదే. తీవ్ర లోపమున్న పిల్లల్లో ఎక్కువ మంది ఈ కోవలోకే వస్తారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆకలి పరీక్ష. ఎదురుగా కూర్చుని, తల్లి ఒడిలోనే, బలవంతం లేకుండా పెట్టించి చూడండి. తినని బిడ్డ ఒంట్లో ఏదో దాగి ఉందని అర్థం. ఆ బిడ్డ మాత్రం దిగాల్సిందే.

నిజంగా దిగాల్సి వచ్చినప్పుడు తల్లి ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆమెనే అడగండి. మేము ‘అవగాహన లేదు’ అని రిజిస్టరులో రాసుకుని ఏళ్లు గడిపాం. అడిగితే తెలిసింది వేరు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలను ఎవరు చూస్తారు? మేకలను ఎవరు తోలుతారు? రెండు వారాలు నేను లేకపోతే చేలో కలుపు ఎవరు తీస్తారు? అక్కడ నా మాట ఎవరికి అర్థమవుతుంది? కువి అనే గిరిజన భాష మాట్లాడే తల్లి, తెలుగు మాత్రమే వచ్చిన నర్సు ఎదురుగా 14 రోజులు మూగదానిలా కూర్చోవడం చిన్న శిక్ష కాదు. తల్లికి రెండు పూటలా భోజనం, కోల్పోయిన కూలికి ఇచ్చే భత్యం డిశ్చార్జి రోజునే చేతికి అందడం, ఆమె భాష తెలిసిన ఒక మనిషి, తోడుగా ఇంకో బిడ్డను తెచ్చుకునే వీలు. ఈ నాలుగూ ఉన్న చోటికి తల్లులు వస్తారు. భత్యం ‘తరువాత వస్తుంది’ అన్న చోటికి ఒక్కసారి వచ్చిన తల్లి, తన ఊళ్లో మరెవరినీ రానివ్వదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నలుగురు పిల్లలు బరువు పెరిగి మళ్లీ ఎందుకు తగ్గారు?

చాలా ఏళ్ల కిందట నా దగ్గర కూడా ఇలాంటి పాప ఒకతె ఉండేది. 14 నెలల వయసు, 5.2 కిలోలు. ఎన్‌ఆర్‌సీలో ఆరు కిలోలు దాటించి పంపాం. రెండు నెలలకు మళ్లీ 5.3. పొడులు మార్చాం, పురుగుల మందు వేశాం, తల్లికి మూడుసార్లు క్లాసు పీకాం. చివరకు ఒక రోజు నేను మందుల పెట్టె లేకుండా ఆ ఇంటికి వెళ్లి, తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా అరుగు మీద కూర్చున్నాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క రోజు ఒక ఎత్తు.

ఆరు గంటలకు తల్లి పాపకు పాలిచ్చి పోడు చేనుకు వెళ్లింది. చేను రెండు కొండల అవతల. పాపను ఏడేళ్ల అక్క చంకనేసుకుంది. తొమ్మిదింటికి ఆ అక్క గిన్నెలో ఉన్న రాగి అంబలి తాను తాగుతూ చెల్లికి నాలుగు గుక్కలు పట్టింది. పన్నెండింటికి పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. రెండింటికి మళ్లీ కొంచెం అంబలి. నాలుగున్నరకు తల్లి తల మీద కట్టెలమోపుతో వచ్చింది, వస్తూనే పాలిచ్చింది. రాత్రి వంట అయ్యేసరికి పాప మళ్లీ నిద్రలోకి జారిపోయింది. అటక మీద అంగన్‌వాడీ ఇచ్చిన బాలామృతం పిండి ప్యాకెట్టు సగం నిండుగానే ఉంది. తల్లి బద్ధకస్తురాలు కాదు, మూర్ఖురాలు కాదు. ఆ ఇంట్లో తిండి ఉంది. పగటి పూట పెట్టే చెయ్యి లేదు.

లెక్క వేసి చూడండి. ఆరు కిలోల బిడ్డ కోలుకోవాలంటే కిలోకు సుమారు 175 కేలరీల చొప్పున రోజుకు వెయ్యికి పైగా కావాలి. బిడ్డ పొట్టలో ఒకసారికి కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 180 మిల్లీలీటర్లకు మించి పట్టదు. పలచని రాగి జావలో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల పిండి ఉంటుందనుకుంటే దాదాపు 33 కేలరీలు. పొట్ట నిండా తాగినా 60. రోజుకు మూడుసార్లు తాగితే 180. ఆ పాప ఏడవకుండా పడుకున్నది ఆకలి తీరి కాదు, పొట్ట నీళ్లతో నిండి. అదే 100 గ్రాముల మెత్తని అన్నం, గరిటెడు ముద్దపప్పు, ఒక చిన్న చెంచా నూనె కలిపితే సుమారు 225 కేలరీలు, అదే పొట్టలో పడతాయి. అలాంటివి అయిదుసార్లు పెడితే వెయ్యి దాటుతుంది. ఒక చిన్న చెంచా నూనెలో 45 కేలరీలు ఉంటాయి. పాప తాగిన జావ గిన్నెడులో ఉన్నది 60 అని గుర్తుంచుకుంటే, తల్లికి ఏది నేర్పాలో మీకే తెలుస్తుంది.

అందుకని మీరు అడిగిన ప్రొటీన్ డబ్బాల జోలికి వెళ్లకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దశాబ్దాల కిందటే తేల్చి చెప్పారు: మన పిల్లల తిండిలో మొదటి లోటు ప్రొటీన్ కాదు, మొత్తం తిండే. కేలరీలు చాలనప్పుడు తిన్న ప్రొటీన్‌నూ శరీరం పొయ్యిలో కట్టెలా తగలేస్తుంది. అదే సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిశ్రమంలో ఉన్నవి గోధుమ, వేయించిన శనగపప్పు, వేరుశనగ, బెల్లం. ఇందులో సంతలో దొరకనిది ఏదీ లేదు. బాలామృతం కూడా 100 గ్రాములకు దాదాపు 400 కేలరీలు ఇస్తుంది. దాన్ని నీళ్ల జావగా కాకుండా, కాచి చల్లార్చిన నీటితో ముద్దగా కలిపి పెట్టడం చూపించండి. చెప్పకండి, చూపించండి. చెంచా నిలువుగా పెడితే పడిపోకుండా ఉండాలని మేము గుర్తు పెట్టుకునేవాళ్లం.

ముద్దను మింగలేని బిడ్డకు ఒక పాత ఉపాయం పనికొస్తుంది. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండి ఉంచుకోవాలి. చిక్కగా ఉడికించిన జావలో ఆ పిండి ఒక చెంచా కలిపితే నిమిషాల్లో జారుగా అవుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టాలి. నీళ్లు పోయకుండానే పలచబడింది కాబట్టి బలం తగ్గదు. రాగి వండుకునే ఇళ్లలో దీన్ని ఎవరూ కొత్త పద్ధతిగా చూడరు, అమ్మమ్మలకు మొలక రాగుల సంగతి మనకంటే బాగా తెలుసు.

కానీ ఎంత మంచి ముద్దయినా రోజుకు అయిదుసార్లు ఎవరు పెడతారు? ఆ రోజు అరుగు మీద నుంచి లేచినప్పటి నుంచి నేను అందరినీ ఇదే అడుగుతున్నాను. నెలకొకసారి రెండున్నర కిలోల ప్యాకెట్టు ఇచ్చి సంతకం పెట్టించుకోవడం పంపిణీ అవుతుంది, వైద్యం కాదు. మీ రిజిస్టరులో ‘ఎన్ని ప్యాకెట్లు’ అనే గడి పక్కన ‘నిన్న ఎన్నిసార్లు, ఎవరు పెట్టారు’ అనే గడి మీ చేత్తో గీసుకోండి. మీ నలుగురు పిల్లల కథ ఆ గడిలో బయటపడుతుంది.

దీనికి నాకు తెలిసిన గట్టి సమాధానం ఊళ్లోనే పగటి పూట పిల్లలను చూసుకునే చోటు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అడవి గ్రామాల్లో జన్ స్వాస్థ్య సహయోగ్ వైద్యులు ‘ఫుల్వారీ’ పేరుతో ఇవి నడిపారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు, ఊరి తల్లుల్లోంచే ఒకరిద్దరు, వేడివేడి నూనె వేసిన కిచిడీ, సత్తుపిండి, గుడ్డు. తల్లి చేనుకు వెళ్తూ దింపి, తిరిగి వస్తూ తీసుకెళ్తుంది. తరువాత ఆ రాష్ట్ర ప్రభుత్వమే సర్గుజా ప్రాంతంలో వాటిని విస్తరించింది. మన అంగన్‌వాడీ మూడేళ్లు దాటిన పిల్లలను కూర్చోబెడుతుంది, మూడేళ్ల లోపు బిడ్డకు ప్యాకెట్టు ఇచ్చి ఇంటికి పంపుతుంది. పిల్లల ఎదుగుదల దెబ్బతినేది మాత్రం ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య.

మేము ఒక గూడెంలో ఇలాంటిది ఏ పథకం పేరూ లేకుండానే మొదలుపెట్టాం. ఖాళీగా ఉన్న పెంకుటిల్లు, ఊరివాళ్లు ఎంచిన ఇద్దరు ఆడవాళ్లు, తొమ్మిది మంది పిల్లలు. పిల్లల బాలామృతం, గుడ్లు తల్లుల ఒప్పుకోలుతో అక్కడికే వచ్చేవి. బియ్యం తలా గుప్పెడు. మాకు అయిన ఖర్చు నూనె, పప్పు, ఆ ఇద్దరి కూలి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నాలుగుసార్లు పెట్టేవాళ్లు, అయిదోది ఇంట్లో. చేతులు సబ్బుతో కడగడం, కాచిన నీళ్లు, వారానికొకసారి బరువు. నేను చెప్పిన పాప తమ్ముడు అక్కడే పెరిగాడు. వాడు ఎన్‌ఆర్‌సీ మొహం చూడలేదు. అంతకంటే నన్ను కదిలించింది వాళ్ల అక్క. చంకలో బిడ్డ దిగిపోవడంతో మొదటిసారి బడికి వెళ్లింది. ఇప్పుడు అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ నడపడానికి కేంద్రం ‘పాల్నా’ పథకం ఉంది. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పేరుతో, మీ గడి లెక్కలతో వెళ్లండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. కొలత టేపులు తల్లుల చేతికే ఇవ్వండి. నైజర్ దేశంలో చదువు రాని తల్లులకు ఇచ్చి చూస్తే ఆరోగ్య కార్యకర్తలతో సమానంగా కొలిచారు. ఎడమ చెయ్యి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్య, బిగించకుండా. టేపు మీద కొలత ఎరుపు రంగులో పడితే కబురు పెట్టమనండి, అంతే. మీరు నెలకొకసారి కనిపెట్టేదాన్ని వాళ్లు వారంలో పడతారు.

చిక్కిపోయిన బిడ్డకు పక్షి దోషమని, దిష్టి అని దిసారి, అంటే గిరిజన పూజారి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తారు. దాన్ని వెక్కిరించకండి. మీ కంటే ముందు ఆ బిడ్డను చూసేది ఆయనే. నేను దిసారి ఇంటికి వెళ్లి కూర్చుని, ‘మీరు చేసేది మీరు చేయండి, పాదాలు గుంట పడితే మాత్రం అదే రోజు నా దగ్గరకు పంపండి’ అని అడిగాను. తరువాత ఆయన పంపినన్ని కేసులు మా సిబ్బంది పంపలేదు.

ఇల్లు సరిగ్గా ఉండి, అయిదుసార్లు తింటూ కూడా బరువు పెరగని బిడ్డ ఉంటే అప్పుడు రోగం వెతకండి. క్షయ, మలేరియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, హెచ్‌ఐవీ, అంగుట్లో చీలిక. ఇంట్లో దగ్గుతున్న తాత ఉన్నాడా అని మొదట చూడండి. ఆ తల్లి మళ్లీ గర్భంతో ఉందా, పాలు మానిపించిందా అని కూడా మెల్లగా అడగండి. ఆరు నెలల లోపు చిక్కిన బిడ్డయితే దారి వేరు. అక్కడ ముద్దలూ పొడులూ వద్దు, తల్లిపాలు నిలబెట్టడమే వైద్యం, దానికి తల్లికి తిండి కావాలి.

ఎన్‌ఆర్‌సీ నుంచి వచ్చిన బిడ్డను 15 రోజులకొకసారి చొప్పున రెండు నెలలు చూడాలన్నది నియమం. కొండల్లో నేను మొదటి నెల వారానికొకసారి చూసేవాణ్ణి, అదీ సంత రోజున. సంతకు తల్లి ఎలాగూ దిగుతుంది. త్రాసు అక్కడ చింతచెట్టు కింద వేలాడదీస్తే, పీహెచ్‌సీలో కనిపించని పిల్లలు కూడా కనిపిస్తారు. చేతి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు దాటి, వాపు లేకుండా రెండు వారాలు నిలిచేదాకా బిడ్డను జాబితాలోంచి తీయకండి.

వానాకాలం గురించి ఒక్క మాట. జూన్ నుంచి కొత్త పంట వచ్చేదాకా కొండల్లో గాదెలు ఖాళీ, మామిడి టెంకల అంబలి తాగే ఇళ్లు ఉంటాయి. అదే సమయంలో కలుపు పని, అదే సమయంలో మలేరియా, విరేచనాలు. దారులు కొట్టుకుపోయి బాలామృతం ఆగేదీ అప్పుడే. కాబట్టి మే నెలాఖరుకే రెండు నెలల సరుకు పై గ్రామాలకు చేర్పించండి. ఆ నలుగురు పిల్లల్లో ఎక్కువ మంది ఏ గూడెం వాళ్లో చూసి, అక్కడ ఒక ఇల్లు వెతకండి. కలుపు మొదలు కావడానికి రెండు వారాల ముందు ఆ ఇంట్లో పొయ్యి వెలగాలి. వంటకు ఎవరిని పెట్టాలో మీరు ఎంచకండి. తల్లులను కూర్చోబెట్టి, తమ బిడ్డను ఎవరి చేతుల్లో వదిలి నిశ్చింతగా చేనుకు వెళ్లగలరో వాళ్లనే అడగండి.